బండి ముచ్చట్లు: మన ఎండలకి చిక్కటి ఆయిల్ పోయాల్నా?

ప్రశ్న: సారూ, నమస్తే. మాది మిర్యాలగూడ. 2017ల కొన్న చిన్న పెట్రోల్ కారుంది, 68 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ బుక్కుల 5డబ్ల్యూ-30 ఆయిల్ పొయ్యాలె అని రాసుంది. మా మెకానిక్ ఏమో అవి చలి దేశాల నీళ్ల లెక్కుండే ఆయిళ్లు, మన దగ్గర మే నెలల 45 డిగ్రీలు కొడ్తది, ఇంజన్ పట్టేస్తది, 20డబ్ల్యూ-50 పోస్తే గట్టిగుంటది అంటుండు. పైసలు కూడ తక్కువే, డబ్బా మీద తొమ్మిదొందలు మిగుల్తయి. ఇంట్ల నలుగురం, నెలకోసారి హైదరాబాద్ పోయొస్తం. ఎవరి మాట వినాలె?

జవాబు: బుక్కు మాట వినుర్రి అన్నా. మీ మెకానిక్ కావాలని తప్పు చెప్తలేడు, అంబాసిడర్లు తిరిగిన కాలంల చిక్కటి ఆయిలే పోసేటోళ్లు, అప్పటి ఇంజన్లల్ల సందులు పెద్దగుండేటియి, ఆ అలవాటు చేతికి పట్టింది, పోతలేదు.

ఆ నంబర్ల సంగతి చూడుర్రి. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందటి నంబర్ సలికి సంబంధించింది, 5డబ్ల్యూ అంటే మైనస్ 30 డిగ్రీలల్ల, 20డబ్ల్యూ అంటే మైనస్ 15ల ఇంజన్ తిరగనిచ్చేటంత పలుచగుండాలె అని టెస్టు పెడ్తరు. వెనుక నంబర్ 100 డిగ్రీల కాడ ఎంత చిక్కగుందో చెప్తది. అంటే 30 అయినా 50 అయినా కొలిచిందే 100 డిగ్రీల కాడ, మన 45 ఎండ దాని ముందట ఏపాటిది? ఇంజన్ వేడెక్కినంక థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ కలిసి ఇంజన్‌ని సల్లబరిచే కూలెంట్‌ని తొంభై డిగ్రీల అటుఇటుల పట్టి ఉంచుతయి, డిసెంబర్‌ల అయినా మే నెలల అయినా అంతే. ఎండకి బండి నిజంగనే హీట్ ఎక్కుతుందంటే చూడాల్సింది కూలెంట్, రేడియేటర్, ఫ్యాన్, అంతేగని ఆయిల్ చిక్కన చేస్తే ఆ రోగం పోదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఇంజన్ లెక్కల మన మే నెల పొద్దుగాల కూడ సలికాలమే. రాత్రంతా ఆగిన బండి ఆయిల్ 30 డిగ్రీలల్లో 35లల్లో ఉంటది, పని చెయ్యాల్సింది తొంభై, వంద కాడ. 40 డిగ్రీల కాడ కొలిస్తే మామూలు 5డబ్ల్యూ-30 సుమారు 60, 70 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క) ఉంటది, 20డబ్ల్యూ-50 ఏమో 150 దాటుతది, అంటే డబుల్ కంటె ఎక్కువ చిక్కన. బండి స్టార్ట్ కొట్టంగనే ఆయిల్ పైదాక ఎక్కాలె, ఇంజన్ అరుగుడు ఎక్కువ ఆ కొన్ని సెకండ్లల్లనే. మీ కారసొంటి ఇంజన్లల్ల వాల్వ్ టైమింగ్ (వాల్వులు తెరిచి మూసే టైం) ఆయిల్ ప్రెషర్ మీద నడిచేటియి కూడ ఉంటయి, సన్న సన్న రంధ్రాల్లకెళ్లి ఆయిల్ పోవాలె, చిక్కటిది పోస్తే అది సతాయిస్తది. మైలేజ్ కూడ పడ్తది. నా పాత బండిల నేనే ఒకసారి ఎవరో చెప్పిండ్రని 20డబ్ల్యూ-50 పోసిన, బండి ఎడ్లబండి లెక్క గుంజింది, మళ్లీ మార్పించెదాక మనసున పట్టలే. మీకు మిగిలే తొమ్మిదొందలు పెట్రోల్‌లనే పోతయి, నార్కట్‌పల్లి దాటి హైవే మీద తొక్కితే ఇంకా జల్దీ పోతయి.

మరి చిక్కన ఎప్పుడు చెయ్యాలె అంటే, బండి ఆయిల్ తాగుతుంటే, పొగ నీలంగ వస్తుంటే, అప్పుడు బుక్కుల ఉండే టెంపరేచర్ పట్టికల 10డబ్ల్యూ-40 రాసుంటే ఒక్క మెట్టు ఎక్కొచ్చు. 68 వేలకి మీ బండి అట్ల లేదంటే ఎక్కాల్సిన పనిలేదు.

డబ్బా కొనేటప్పుడు బ్రాండ్ కంటె ఎనుక గుండ్రటి గుర్తు చూడుర్రి, అండ్ల ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఇచ్చే పెట్రోల్ ఆయిల్ గ్రేడ్ ఎస్‌ఎన్ గని ఎస్‌పీ గని ఉంటే చాలు. ఎస్‌పీ 2020ల వచ్చింది, పాత పెట్రోల్ బండ్లకి కూడ పనికొస్తది. సింథటిక్ వేడికి జల్దీ పాడుకాదు, మన ఎండలకి పనికొచ్చేది అదే, చిక్కదనం కాదు. లూజ్ ఆయిల్ జోలికి పోవద్దు. సీల్ మీ ముందట తెరిపియ్యుర్రి, ఖాళీ డబ్బాకి మొలతోని బొక్క కొట్టియ్యుర్రి, ఖాళీ డబ్బాలు కొనుక్కపోయి నకిలీ నింపెటోళ్లుంటరు.

ప్రశ్న: అన్నా, దేవరకొండ కాడ మా ఊరు. ట్రాక్టర్‌కి పోయంగ 15డబ్ల్యూ-40 ఆయిల్ మూడు లీటర్లు మిగిలింది, సీల్ కూడ తియ్యలే. మా పెట్రోల్ కారుకి పోస్తే ఏమన్నయితదా?

జవాబు: తమ్మీ, ఊళ్లల్ల అందరు చేసే పనే ఇది. పోసిన పూటనే ఇంజన్ ఆగదు, అందుకే ఏం కాలేదనుకుంటరు. డీజిల్ ఆయిళ్లల్ల అరుగుడు ఆపే జింక్, ఫాస్ఫరస్ మందులు మామూలుగ ఎక్కువుంటయి, ఆ ఫాస్ఫరస్ పొగల కలిసి పోయి సైలెన్సర్ దారిల పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తది. అది మార్పియ్యాలంటే మూడు లీటర్ల ఆయిల్ కాదు, డ్రమ్మే వస్తది. మీ డబ్బా మీద డీజిల్ గుర్తు (సీ అక్షరంతోని మొదలయ్యేది) పక్కపొంటి పెట్రోల్ గుర్తు (ఎస్ అక్షరంతోని మొదలయ్యేది) కూడ ఉంటే, కారు బుక్కు 15డబ్ల్యూ-40 ఒప్పుకుంటే పొయ్యి. లేకపోతే సీల్ తియ్యలే అంటున్నవు గదా, దాచి మళ్ల వానకాలం దున్నేటప్పుడు ట్రాక్టర్‌లనే పొయ్యి.

తోడుగ ఒక మాట, బీఎస్-6 డీజిల్ కార్లున్నోళ్లు అయితే ఇంక జాగ్రత్త. వాటికి డీపీఎఫ్ (పొగల మసిని పట్టే ఫిల్టర్) ఉంటది, మసిని కాలుస్తది గని ఆయిల్‌కెళ్లి వచ్చే బూడిద కాలదు, అండ్లనే పేరుకుంటది. బూడిద తక్కువుండే ఆయిలే, బుక్కుల ఏ స్పెసిఫికేషన్ రాస్తే అదే పొయ్యాలె.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నేను టీచర్‌ని, కారుల ఇంటికెళ్లి స్కూల్ దాక మూడు కిలోమీటర్లు, మళ్ల ఇంటికి, అంతే. ఏడాదికి నాలుగు వేలు కూడ తిరగలే. మా ఆయన పదివేలకే ఆయిల్ మార్పియ్యాలె అంటడు, అప్పటికే ఆయిల్ గేజ్ పుల్ల తీస్తే నల్లగుంది. ఏం చేద్దాం?

జవాబు: టీచరమ్మా, నలుపు చూసి భయపడకుర్రి. ఆయిల్‌ల మసిని గుంజి పట్టుకునే మందు ఉంటది, అది పనిచేస్తుంది కాబట్టే నల్లగయ్యింది. గని మీ సారు కూడ సగమే చదివిండు. బుక్కుల పదివేలు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అని ఉంటది. మూడు కిలోమీటర్లల్ల ఇంజన్ పూర్తిగ వేడెక్కదు, కాలినప్పుడు వచ్చే నీటి చెమ్మ, కాలని పెట్రోల్ ఆయిల్‌లనే కలిసి ఉంటయి, ఆవిరై పోయెటంత వేడి రాదు. దూరం తిరిగే బండి కంటె మీ బండిల ఆయిలే జల్దీ పాడైతది. ఏడాదికి మార్పియ్యుర్రి, ఫిల్టర్‌తోని సహా, కింద ఆయిల్ దించే డ్రెయిన్ బోల్ట్ వాషర్ కూడ కొత్తది పెట్టమనుర్రి. వారంల ఒక్కసారన్న జడ్చర్ల దాక పోయిరండి, ఆ చెమ్మ పోతది. మార్పించినంక ఇంజన్ ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపి, సాపు జాగల ఐదు నిమిషాలు ఆగి గేజ్ చూడుర్రి. మాక్స్ గీత దాటిందంటే ఎక్కువైన ఆయిల్ తీసెయ్యమనుర్రి, ఎక్కువ పోస్తే క్రాంక్ షాఫ్ట్ తగిలి నురగ కొడ్తది.