సెల్ఫ్ నొక్కితే టక్ టక్, ఇంజన్ తిరగదు

ప్రశ్న: నా 150 సీసీ బండికి సెల్ఫ్ నొక్కితే వరసగా టక్ టక్‌మంటోంది. ఇంజన్ తిరగడం లేదు. కిక్ కొడితే వెంటనే స్టార్టవుతోంది. సెల్ఫ్ మోటారు మార్చాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అప్పుడే మోటారు జోలికి వెళ్లకండి. ఆ శబ్దం స్టార్టర్ రిలేది (బటన్ నొక్కితే బ్యాటరీ కరెంటుని మోటారుకి కలిపే స్విచ్), అంటే బటన్ పనిచేస్తున్నట్టే. రిలేకి కొద్దిపాటి కరెంటు చాలు, మోటారుకి పదుల ఆంపియర్లు కావాలి. ఆ లోడు పడగానే వోల్టేజి దిగిపోయి రిలే వదిలేస్తోంది.

ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. తెల్లటి పొడి పట్టి ఉంటే విప్పి, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచిన బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరాక గట్టిగా బిగించి వాజిలిన్ రాయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. ఇంజన్‌కి బిగించిన ఎర్త్ వైరు కొన దగ్గర తుప్పు గీకడం చాలామంది మరిచిపోతారు, మీరు తప్పక చూడండి.

తర్వాత మల్టీమీటర్ పెట్టండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉండాలి. 12.2 కన్నా తగ్గితే ఛార్జింగ్ పెట్టించండి. నిండా ఛార్జయ్యాక కూడా సెల్ఫ్ నొక్కగానే 9.6 కిందికి పడిపోతే బ్యాటరీ మార్చాల్సిందే. పడకపోతే అప్పుడు రిలే, మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మెకానిక్‌కి చూపించండి.

కొత్త బ్యాటరీ వేశాక ఇంజన్ రేస్ చేసి కొలవండి. సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. రాకపోతే ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్ గానీ, ఆ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే రెక్టిఫైయర్ గానీ పాడైనట్టు. దాన్ని వదిలేస్తే కొత్త బ్యాటరీ కూడా త్వరగానే దిగిపోతుంది.