క్రోమ్ ట్యాపు మెరుపు ఎందుకు పోతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బాత్‌రూమ్ ఫిట్టింగ్స్ గురించే. పదకొండేళ్లు ప్లేటింగ్ షాపులో ట్యాపులకు క్రోమ్ వేసి, ఆ తర్వాత ప్లంబింగ్‌లోకి వచ్చినవాణ్ణి. ఈ ప్రశ్నలకు జవాబు రాయడమంటే నాకు చాలా ఇష్టం.

ప్రశ్న: కొత్తగా బాత్‌రూమ్ కట్టిస్తున్నాం. షాపులో ట్యాపులన్నీ ఒకేలా తళతళలాడుతున్నాయి. ఏది మన్నుతుందో ఎలా కనిపెట్టాలి?

జవాబు: మెరుపు చూసి తేల్చలేమండి. కొత్తలో అన్నీ మెరుస్తాయి. పైన కనిపించే క్రోమ్ పొర మందం సుమారు 0.25 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే వెంట్రుకలో రెండు వందల వంతు కూడా కాదు. దాని కింద పది మైక్రాన్లో, ఇంకా ఎక్కువో నికెల్ ఉంటుంది. అసలు కాపలా కాసేది ఆ నికెలే. మా షాపులో పచ్చటి నికెల్ తొట్టిలో అరగంట నానిన ట్యాపు, ఎర్రటి క్రోమ్ తొట్టిలో మూడు నాలుగు నిమిషాలే ఉండేది. నికెల్ దగ్గర టైమ్ మిగుల్చుకున్న సరుకు కూడా బయటికి వచ్చినప్పుడు అంతే అందంగా ఉంటుంది. తేడా ఏడాదికో రెండేళ్లకో బయటపడుతుంది.

అందుకే ముందు ట్యాపును తిరగేసి, పైపు బిగించే చోట లోపలికి చూడండి. ఫోన్ టార్చ్ వేస్తే బాగా కనిపిస్తుంది. మరలు పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి. బూడిద రంగులో ఉంటే జింక్ పోత అయి ఉండొచ్చు. బరువులోనూ తేడా తెలుస్తుంది. ఒకే కొలతలో ఇత్తడి బరువెక్కువ, జింక్ కాస్త తక్కువ, ప్లాస్టిక్ మీద క్రోమ్ వేసింది చాలా తేలిక. ప్లాస్టిక్‌దైతే పట్టుకున్నప్పుడు లోహం చల్లదనం కూడా ఉండదు. హ్యాండ్ షవర్‌కు ప్లాస్టిక్ తప్పేం కాదు. పైపు ఒత్తిడి రోజంతా భరించే ట్యాపుకు మాత్రం ఇత్తడే తీసుకోమంటాను.

తర్వాత ట్యూబ్‌లైట్ కింద నిలబడి ఆ వెలుగు గీత ట్యాపు ఒంటి మీద పాకేలా నెమ్మదిగా తిప్పండి. గీత నున్నగా జారితే పాలిష్ బాగా పట్టారని అర్థం. అలలు అలలుగా వణికితే హడావుడిగా చేసిన పని. ప్లేటింగ్‌లో సగానికి పైగా శ్రమ పూతకు ముందు పాలిష్ పట్టే బఫింగ్‌దే. కింద ఉన్న గీతను క్రోమ్ దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. ఇంకో సంగతి. కరెంటుతో వేసే పూత అంచుల మీద మందంగా, గుంటల్లో పలచగా పడుతుంది. కాబట్టి ముందు వైపు కాదు, ట్యాపు మెడ కింద, హ్యాండిల్ సందులో వేలు పెట్టి చూడండి. అక్కడ మసకగా కనిపిస్తే అది వదిలేయండి. ఇందుకే లోతైన గాడులు, నగిషీలు ఉన్న డిజైన్ల కన్నా నున్నటి గుండ్రటి వాటినే నేను ఇష్టపడతాను. పూత సమంగా పడుతుంది, తుడవడమూ తేలిక.

క్యాటలాగ్‌లో సాల్ట్ స్ప్రే టెస్ట్ ఎన్ని గంటలు చేశారో ఉందేమో అడగండి. ఐఎస్ఓ 9227 పద్ధతిలో 35 డిగ్రీల వేడి దగ్గర 5 శాతం ఉప్పునీటి సన్నటి తుంపరలో సరుకును ఉంచి చూస్తారు. గంటలు ఎక్కువైతే నమ్మకం ఎక్కువ. ఇక ట్యాపు, షవర్, టవల్ రాడ్ అన్నీ ఒకే కంపెనీవి, ఒకేసారి తీసుకోండి. క్రోమ్‌లోనూ చిన్న రంగు తేడాలుంటాయి. ఒకటి నీలి ఛాయలో, ఇంకొకటి కాస్త ముదురుగా ఉంటే పక్కపక్కన పెట్టినప్పుడు కంటికి కొడుతుంది.

ప్రశ్న: వారం వారం యాసిడ్‌తో శుభ్రం చేస్తున్నా ట్యాపులు ఏడాదికే మసకబారాయి. పసుపు ఛాయ కూడా వచ్చింది. నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఇంకేం వాడాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ యాసిడ్ ఆపేయండి. మీ ట్యాపును పాడుచేస్తున్నది నీళ్లు కాదు, అదే. బాత్‌రూమ్ యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. క్రోమ్‌ను కరిగించడానికి ప్లేటింగ్ షాపుల్లో మేం వాడేదీ అదే! పాత పూత తీసి కొత్తది వేయాలంటే ఆ ఆమ్లంలో ముంచేవాళ్లం, కళ్ల ముందే క్రోమ్ పోయి కింద నికెల్ బయటపడేది. మీకు కనిపిస్తున్న పసుపు ఛాయ ఆ నికెల్‌దే. తెల్ల కాగితం ఒకటి ట్యాపు పక్కన పెట్టి చూడండి. క్రోమ్ ఉన్నచోట నీలి తెలుపు, పోయినచోట లేత పసుపు స్పష్టంగా కనిపిస్తాయి. పోయిన పూత ఏ పాలిష్‌తోనూ తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే ఇప్పుడు చేయగలిగింది.

యాసిడ్ తగలక్కర్లేదు కూడా, ఆవిరి చాలు. మా ఇంట్లో వాష్‌బేసిన్ కింది అరలో మూత సరిగ్గా బిగించని సీసా కొన్ని నెలలు ఉండిపోయింది. ఒక్క చుక్క ఒలకలేదు. అయినా పైనున్న యాంగిల్ కాక్ (గోడ నుంచి వచ్చే నీళ్లను కట్టే చిన్న ట్యాపు) అడుగుభాగమంతా మసకబారి, పిన్నుతో పొడిచినట్టు చుక్కలు పడి, వాటిలోంచి పచ్చటి చిలుము పుట్టింది. ఆ పనే చేసి బతికినవాణ్ణి, ఆ ఒక్క మూత చూసుకోకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఫ్లోర్ కోసం యాసిడ్ తప్పదంటే సీసా బాత్‌రూమ్ బయట పెట్టండి, వాడినంతసేపూ కిటికీ తెరవండి, అయ్యాక ఫిట్టింగ్స్ మీద మంచినీళ్లు కొట్టి తుడవండి. దాన్ని బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణానికే ప్రమాదం.

తెల్లటి గారకు వెనిగర్ చాలు. సమానంగా నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డ తడిపి గార ఉన్నచోట చుట్టండి. పది నిమిషాలకు తీసి కడిగి తుడవండి. మొండిగా ఉంటే మర్నాడు మళ్లీ చేయండి. రాత్రంతా వదిలేయకండి, పూత లేచినచోట అసలు పెట్టకండి. కింద మార్బుల్ ఉంటే దాని మీద కారకుండా చూసుకోండి, వెనిగర్ మార్బుల్‌ను తినేస్తుంది. పచ్చటి స్క్రబ్ ప్యాడ్ వద్దు. వాటిలో చాలావాటికి అల్యూమినియం ఆక్సైడ్ రజను అంటించి ఉంటుంది, అది క్రోమ్ కన్నా గట్టిది. రోజూ చివర స్నానం చేసినవాళ్లు పాత కాటన్ బనియన్ ముక్కతో అర నిమిషం పొడిగా తుడిస్తే గార పట్టే అవకాశమే ఉండదు. చుక్క ఎండినప్పుడే ఉప్పు మిగిలిపోతుంది, చుక్క ఆరకముందే తీసేస్తే మిగలడానికేం ఉండదు.

ప్రశ్న: క్రోమ్ క్యాన్సర్ తెస్తుందని చదివాను. ట్యాపు నీళ్లు తాగొచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దండి. ట్యాపు మీద గట్టిపడి ఉన్నది లోహపు క్రోమియం. ప్రమాదకరమైనది హెక్సావాలెంట్ క్రోమియం, అంటే క్రోమియానికే ఉన్న ఇంకో రసాయన రూపం. ప్లేటింగ్ తొట్టి మీద లేచే ఆవిరిలో ఉంటుంది, అది పీల్చే కార్మికులకు ముప్పు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగమైన ఐఏఆర్‌సీ 1990లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. యూరప్‌లో 2017 సెప్టెంబరు 21 నుంచి ఆ రకం తొట్టిలో పోసే క్రోమియం ట్రైఆక్సైడ్ వాడాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. ఇప్పుడు అంత ముప్పు లేని ట్రైవాలెంట్ క్రోమియంతో పూత వేసే పద్ధతి వచ్చింది. తొట్టి దగ్గర నిలబడి పనిచేసినవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను, కొనేటప్పుడు ఏ పద్ధతిలో వేశారని ఒక్క మాట అడగండి. నలుగురు అడిగితే తయారుచేసేవాళ్లకీ పట్టింపు వస్తుంది.

ప్రశ్న: క్రోమ్ టవల్ రాడ్ మీద ఎర్రటి చుక్కలు వచ్చాయి. పోతాయా?

జవాబు: క్రోమ్‌కు ఎర్ర తుప్పు పట్టదు. కింద ఉన్నది ఇనుము. అయస్కాంతం పెడితే గట్టిగా అంటుకుంటుంది చూడండి. అల్యూమినియం ఫాయిల్‌ను ఉండచేసి, నీళ్లలో ముంచి, ఒత్తకుండా రుద్దండి. చుక్కలు పోతాయి. ఆరాక కారు వ్యాక్స్ పలచగా పూస్తే కొన్నాళ్లు ఆగుతుంది. పెచ్చులు లేస్తుంటే మాత్రం మార్చేయడమే. ఈసారి పూత లేని 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోండి.

ప్రశ్న: వాష్‌బేసిన్ ట్యాపు ధార పక్కకు చిమ్ముతోంది. ట్యాపు మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. మూతి దగ్గరున్న ఏరేటర్ జాలీలో ఇసుకో గారో ఇరుక్కుంది. చేత్తో తిప్పి ఊడదీయండి. రాకపోతే ముందు గుడ్డ చుట్టి, ఆ తర్వాతే స్పానర్ వేయండి. లేకపోతే స్పానర్ పళ్లు పూతను చీల్చేస్తాయి. ముక్కలు ఏ వరసలో వచ్చాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. జాలీని వెనిగర్ నీళ్లలో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. తిరిగి పెట్టేటప్పుడు రబ్బరు వాషర్ మర్చిపోకుండా చేత్తోనే బిగించండి.