తీరథ్‌గఢ్ జలపాతానికి దసరాకు వద్దు, కార్తీకంలో రండి

జయపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

దసరా సెలవుల్లో బరంపురం నుండి అక్కను, అమ్మాయిని, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, మా ఇంట్లో ఒక రాత్రి ఉండి, మరునాడు ఛత్తీస్‌గఢ్‌లోని తీరథ్‌గఢ్ జలపాతం చూసి రావాలనుకుంటున్నట్లు నీవు వ్రాసినది చదివి మీ అత్తయ్య అప్పుడే పరుపులు ఎండలో వేయించింది. మీరు రావడం మాకు సంతోషమే కానీ, మీరు ఎంచుకున్న రోజులే నాకు నచ్చలేదు. ఆ రోజుల్లో, జలపాతానికి వెళ్ళే దారిలో ఉన్న జగదల్‌పూర్‌లో బస్తర్ దసరా ముగింపు వేడుకలు జరుగుతూ ఉంటాయి. అది మన పది రోజుల పండుగ వంటిది కాదు. శ్రావణంలో మొదలై దంతేశ్వరీ దేవి పేరిట 75 రోజులు సాగే ఉత్సవం. దాన్ని చూడడానికే వచ్చేవారికి అది గొప్ప భాగ్యం, జలపాతం కోసం వచ్చేవారికి మాత్రం బస దొరకని ఊరు, కదలని రోడ్డు. అంతకంటే ముఖ్యమైనది, అప్పటికి నేల ఇంకా వాన తడి విడిచి ఉండదు. దీపావళి వెళ్ళాక, నవంబరు రెండవ వారంలో, ఆదివారం కాని రోజు చూసుకొని రండి. కార్తీక వనభోజనం జలపాతం ఉన్న జాతీయ ఉద్యానం వెలుపల ఎక్కడైనా చేసుకోవచ్చు.

శ్రావణ భాద్రపదాల్లో అక్కడ నీరు ఎక్కువగా ఉంటుందన్న మాట నిజమే. అయితే ఆ నీరు ఎర్రగా, ఒకే ముద్దగా దూకుతుంది. తుంపర పొగలా కమ్మి జలపాతం ఆకారమే తెలియదు. కార్తీకానికి నీరు తేటపడి, సుమారు 300 అడుగుల ఎత్తు నుండి మెట్టు మెట్టుకూ విడిపోయి, జల్లెడ నుండి జారే పిండిలా తెల్లగా దిగుతుంది. నేను రెండు కాలాల్లోనూ చూశాను. నా ఓటు కార్తీకానికే. వేసవిలో అయితే అంత దూరం పోవడం దండుగ.

ఇక దారి విషయం. ఉదయం అయిదున్నరకు జయపురంలో బయలుదేరితే బొరిగుమ్మ, కోట్‌పాడ్ మీదుగా ఒడిశా సరిహద్దు దాటి, దాదాపు 80 కిలోమీటర్లు ప్రయాణించి జగదల్‌పూర్ చేరతాము. అక్కడ ఫలహారం ముగించి, సుక్మా, కుంట మీదుగా భద్రాచలం వైపు వెళ్ళే జాతీయ రహదారిపై దర్భా దిక్కుగా సాగి పక్కకు తిరగాలి. జగదల్‌పూర్ నుండి జలపాతం 35 కిలోమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. తొమ్మిదిన్నరకల్లా మెట్ల దగ్గర ఉండడం మంచిది. అదే రోజు చిత్రకోట్ కూడా చూసేద్దామని కారు నడిపేవారు తప్పకుండా ఆశపెడతారు. చిత్రకోట్ ఇంద్రావతి మీద, జగదల్‌పూర్‌కు వేరే దిక్కున ఉంది. రెండూ ఒకే రోజున చూసినవారు రెండింటికంటే కారు సీటునే ఎక్కువగా చూసి ఉంటారు.

తీరథ్‌గఢ్ ఉన్నది కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో. 1982లో ఏర్పాటైన ఈ ఉద్యానం సుమారు 200 చదరపు కిలోమీటర్ల అడవి. సాల వృక్షాలు, టేకు కలిసి పెరిగే చోటు. మనిషిలా మాటలు అనుకరించే కొండ గోరింక, అంటే ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి, ఇక్కడ ఉంటుంది కనుక కారులో పాటలు ఆపించు. ముంగాబహార్ అనే వాగు ఇక్కడ జలపాతమై కాంగేరు నదిలో చేరుతుంది. కాంగేరు తూర్పుగా పారి ఒడిశా సరిహద్దులో మన కొలాబు నదిలో కలుస్తుంది. ఆ కొలాబే దిగువన శబరి అయి కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. పెద్దవాడికి ఈ వరుస ముందే నేర్పించు. బిస్కెట్ల కాగితం ఆ నీటిలో పడేస్తే ఎవరి ఊరికి చేరుతుందో చెల్లెలికి వాడే చెప్పుకుంటాడు.

అన్నిటికంటే ఎక్కువగా నేను చెప్పదలచినది అక్కడి బండల గురించి. చాలా ఏళ్ళ క్రితం, ఉద్యోగంలో ఉన్నప్పుడు, తడి బండలన్నింటినీ జాగ్రత్తగా తప్పించుకొని, పొడిగా, నల్లగా కనిపించిన ఒక రాతి మీద తోలు చెప్పుతో నిశ్చింతగా కాలు వేశాను. అది ఎండినట్లు కనిపించే పాకుడు. పడిన సంగతి తెలిసేలోపే ఎడమ మణికట్టు విరిగింది. పక్కన స్నానం చేస్తున్న ఇద్దరు పల్లెవాసులు నా గొడుగు కర్రను ఆనించి, తువ్వాలుతో చెయ్యి కట్టి, మెట్లన్నీ ఎక్కించారు. ప్యాంటుకు అంటిన ఆకుపచ్చ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు. అందుచేత తడి బండకు భయపడినంతగానే నల్లటి బండకూ భయపడాలి. కాలు మోపేముందు చేతికర్రతో గీసి చూడాలి. వెనుక పట్టీ ఉన్న, అడుగున గాడులున్న రబ్బరు చెప్పులే అందరికీ ఉండాలి.

రెండవ ప్రమాదం నీటి పెరుగుదల. మన తల మీద ఎండ కాస్తున్నా, పైన అడవిలో కురిసిన వాన కొంతసేపటికి ఇక్కడికి దిగుతుంది. కిందికి చేరగానే నీటి అంచున ఉన్న ఒక రాయిని గురుతు పెట్టుకొని, పావుగంటకొకసారి దాన్ని చూస్తూ ఉండు. ఆ రాయి మునగడం మొదలైనా, తేట నీటికి ఎర్ర చాయ వచ్చినా, ఆకులూ పుల్లలూ తేలివస్తున్నా, ఫోటో మధ్యలో ఉన్నా సరే పిల్లలను ఎత్తుకొని మెట్ల మీదికి వచ్చెయ్యి. జలపాతం సరిగ్గా కింద నిలబడి తల తడుపుకోవడం మాత్రం ఏ కాలంలోనూ వద్దు; నీటితో పాటు రాళ్ళూ వస్తాయి.

మెట్లు దిగేటప్పుడు ఎన్నో తెలియవు, ఎక్కేటప్పుడు మోకాళ్ళే లెక్క చెబుతాయి. అక్కను కిందికి దింపవద్దు. పై నుండి కూడా జలపాతం బాగా కనిపిస్తుంది. నేను ఆమెకు తోడుగా పైనే కూర్చుంటాను, మా ఇద్దరికీ మాట్లాడుకోవలసినవి చాలా ఉన్నాయి.

అదే ఉద్యానంలోని కుటుమ్‌సర్ గుహ గురించి అడిగావు. వానాకాలంలో లోపలికి నీరు చేరుతుంది కనుక దాన్ని మూసివేస్తారు. నవంబరు ప్రాంతంలో తెరుస్తారు, దసరా వద్దనడానికి అదొక కారణం. అక్కడి జీపులోనే, దీపం పట్టుకున్న గైడుతోనే వెళ్ళాలి. లోపల చీకటి, ఉక్క; ఆయాసం ఉన్నవారికి తగదు. పైనుండి వేలాడే సున్నపురాతి కొమ్ములను పిల్లలు ముట్టుకోకుండా చూడు, చేతి జిడ్డు అంటితే వాటి పెరుగుదల ఆగిపోతుంది. చూపులేని చేపలు ఆ గుహ నీటిలో ఉన్నాయి. చిన్నదానికి ఈ చేపల సంగతి చెబితే ఇక నిద్రపోదు, కనుక కారెక్కాకే చెప్పు.

కొరాపుట్, బస్తర్ రెండూ మలేరియా ప్రాంతాలన్నది బరంపురంలో ఉండేవారు మరచిపోతారు. నిండు చేతుల చొక్కాలు, దోమల మందు తప్పనిసరి. తిరిగి వెళ్ళాక రెండు వారాల్లో గానీ, మరికొంత ఆలస్యంగా గానీ ఎవరికైనా చలిజ్వరం వస్తే, మాత్రతో తగ్గిపోతుందని కూర్చోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించి, ఈ అడవికి వచ్చినట్లు డాక్టరుకు చెప్పాలి.

పులిహోర, పెరుగన్నం మీ అత్తయ్య తెల్లవారుజామునే కలుపుతానంటోంది. మెట్ల దగ్గరి కోతులకు సంచీ జిప్పు తీయడం బాగా తెలుసు కనుక, మూతకు గట్టి కొక్కెం ఉన్న మీ ఇంటి పాత స్టీలు క్యారియరు తీసుకొనిరా. మా దాని కొక్కెం కిందటి ఏడాదే ఊడిపోయింది.

ఇట్లు,
మామయ్య