జీవిత భాగస్వామి యూకేలో చదువుతున్నప్పుడు విజిటర్ వీసా అడగడం: ఒక తిరస్కరణ, ఆ తర్వాత ఒక అనుమతి

నమస్కారమండీ. మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ వారు గత సెప్టెంబరులో కోవెంట్రీలో ఎం.ఎస్సీ.లో చేరారు. మీరు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. పెళ్లై ఇంకా ఏడాది నిండలేదు. వేసవిలో ఆరు వారాలు ఆయన దగ్గర ఉండి రావాలని మీ కోరిక. మీరు కలిసిన కన్సల్టెన్సీ వారేమో, భర్త అక్కడ ఉన్న సంగతి ఎత్తవద్దనీ, పర్యటన అని రాసి బ్యాంకులో పది లక్షలు చూపించమనీ అంటున్నారు. ఆ మాట వినవద్దని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను. దాదాపు అలాంటి సలహానే నమ్మి నేను 2025 మార్చిలో తిరస్కరణ లేఖ అందుకున్నాను. అదే సంవత్సరం సెప్టెంబరులో, అదే భార్యను చూడడానికి, అదే ఉద్యోగంతో నాకు వీసా వచ్చింది. ఈ ఆరు నెలల్లో నా జీతం పెరగలేదు, కొత్తగా ఆస్తులేవీ కలిసి రాలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడం మాత్రం నేర్చుకున్నాను.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. 2024 జనవరి 1 లేదా ఆ తర్వాత మొదలైన కోర్సుల్లో చేరినవారిలో పీహెచ్‌డీ విద్యార్థులు, పరిశోధన ప్రధానమైన ఉన్నత కోర్సుల వారు, ప్రభుత్వ ఉపకారవేతనం పొందేవారు తప్ప, మామూలు మాస్టర్స్ విద్యార్థులు భార్యనో భర్తనో డిపెండెంట్‌గా, అంటే తమపై ఆధారపడిన కుటుంబ సభ్యులుగా, తీసుకువెళ్లడానికి వీలులేదు. వృద్ధులను, రోగులను చూసుకునే ఉద్యోగాలకు వెళ్లే కేర్ వర్కర్లకు కూడా 2024 మార్చి 11 నుంచి అదే పరిస్థితి. మన ఊళ్లలో కొత్తగా పెళ్లైన ఎంతోమంది దంపతులు ఈ రెండు తేదీల వల్ల విడివిడిగా ఉంటున్నారు. కాబట్టి మీరు విజిటర్ వీసా అడగడం దొడ్డిదారి ఏమీ కాదు. కుటుంబ సభ్యులను చూడడానికి రావడం ఆ వీసా స్పష్టంగా అనుమతించిన కారణాల్లో ఒకటి. అయితే మీకు డిపెండెంట్ దారి మూసి ఉందని వీసా అధికారికి కూడా తెలుసు. డిపెండెంట్‌గా రాలేనివారు విజిటర్‌గా వచ్చి అక్కడే ఉండిపోతారేమో అన్నది ఆయన మనసులో మెదిలే మొదటి అనుమానం. మీ దరఖాస్తు మొత్తం ఆ అనుమానానికి జవాబుగా ఉండాలి.

నా సంగతి చెబుతాను. నేను కాకినాడలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో 2021 నుంచి బోధిస్తున్నాను. నా భార్య 2024 సెప్టెంబరులో లెస్టర్‌లో ఎం.ఎస్సీ.లో చేరింది. 2025 వేసవి సెలవుల్లో వెళ్దామని ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టాను. సలహా ఇచ్చిన సంస్థ వారు కారణం పర్యటన అని రాయించారు, లండన్, ఎడిన్‌బరో నగరాల్లో హోటల్ గదులు రద్దు చేసుకునే వీలుతో బుక్ చేయించారు. నా ఖాతాలో అప్పుడు తొంభై వేలు ఉన్నాయి. అది చాలదన్నారు. మా మేనమామ ప్రేమతో ఆరు లక్షలు వేశారు. దరఖాస్తుకు సరిగ్గా పది రోజుల ముందు. దరఖాస్తు ఫారంలో యూకేలో కుటుంబ సభ్యులు ఉన్నారా అనే ప్రశ్న ఉంటుంది. అక్కడ అబద్ధం రాయడానికి మనసొప్పక నా భార్య వివరాలు నింపాను. ఆ ఒక్క పని ఆ తర్వాత నన్ను కాపాడింది. మోసం చేశారని తేల్చి తిరస్కరిస్తే పదేళ్ల వరకు వీసా ఇవ్వకుండా ఉండే అధికారం వారికి ఉంది. భర్త సంగతి దాచమని మీకు చెబుతున్నవారు ఆ పదేళ్లకు పూచీ పడరు.

తిరస్కరణ లేఖ మూడు వారాల్లోపే వచ్చింది. చదివిన రాత్రి నిద్ర పట్టలేదు, అక్కడ ఆమె కూడా ఏడ్చింది. కానీ వారం తర్వాత శాంతంగా చదివితే, ఆ లేఖలో అన్యాయం ఏమీ కనిపించలేదు. భార్య లెస్టర్‌లో ఉండగా నెల రోజుల యాత్రలో ఆమె ఊసే లేకుండా హోటళ్ల జాబితా ఇచ్చారని ఒక వాక్యం. నెలకు నలభై ఎనిమిది వేల జీతగాడు నాలుగు లక్షల ఖర్చుతో విహారయాత్ర చేస్తాననడం అతని పరిస్థితికి పొసగడం లేదని మరొకటి. ఒక్కసారిగా వచ్చి పడిన డబ్బు ఎక్కడిదో వివరించలేదని ఇంకొకటి. చివరికి, వి 4.2 నిబంధన ప్రకారం నేను నిజమైన సందర్శకుడినని నమ్మకం కలగలేదని ముగించారు.

ఆ నిబంధనను మీరు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులో, విజిటర్ నియమాల్లో స్వయంగా చదవండి. దాని సారాంశం అయిదు మాటలు. గడువు ముగిసేసరికి దేశం విడిచి వెళ్లాలి. మళ్లీ మళ్లీ వస్తూ అక్కడే కాపురం ఉండేవారు కాకూడదు. చెప్పిన కారణం నిజమైనదీ అనుమతించినదీ అయి ఉండాలి. నిషేధించిన పనులు చేయకూడదు. ప్రయాణ ఖర్చులకు, తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు ఉండాలి. ఎంత డబ్బు ఉండాలో అందులో ఒక్క అంకె కూడా లేదు. పది లక్షలన్నది మన దగ్గర పుట్టిన లెక్క.

రెండవసారి నేను ఎవరి సహాయమూ తీసుకోలేదు. మొదట చేసింది యాత్రను కుదించుకోవడం. ఆమె సెప్టెంబరులో డిసర్టేషన్ (కోర్సు చివరి పరిశోధన వ్యాసం) సమర్పిస్తుంది, మా కళాశాలకు దసరా సెలవులు వస్తాయి. ఆ రెండూ కలిసేలా సెప్టెంబరు 24 నుంచి అక్టోబరు 12 వరకు పంతొమ్మిది రోజులు అడిగాను. ఎందుకు ఆ తేదీలే అన్న ప్రశ్నకు సెలవుల పట్టికే సమాధానం చెప్పింది. మీరు ఆరు వారాలు అడుగుతున్నారు. నియమం ప్రకారం ఒకసారికి ఆరు నెలల వరకు ఉండవచ్చు కాబట్టి అడగడంలో తప్పు లేదు. కానీ అధికారి చూసేది మీ కంపెనీ ఆరు వారాల సెలవు ఇచ్చిందా లేదా అన్నదే. ఇస్తే రాతపూర్వకంగా తీసుకోండి. ఇవ్వకపోతే మూడు వారాలే అడగండి. రెండేళ్ల, అయిదేళ్ల వీసాలు కూడా ఉన్నాయి గానీ, మొదటిసారికి ఆరు నెలలదే మేలని నా అభిప్రాయం.

సెలవు లేఖ విషయంలో కాస్త పట్టుదలగా ఉండండి. అభ్యంతరం లేదు అని ఒక్క ముక్క రాసి ఇచ్చే లేఖ దాదాపు వృథా. ఏ హోదాలో ఎప్పటినుంచి పనిచేస్తున్నారు, జీతం ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సెలవు మంజూరైంది, ఏ తేదీన తిరిగి విధుల్లో చేరాలి అన్నవి నాలుగూ అందులో ఉండాలి. నా లేఖలో మా ప్రిన్సిపాల్ గారు అక్టోబరు 13 నుంచి నేను బోధించవలసిన రెండు సబ్జెక్టుల పేర్లు కూడా రాసి ఇచ్చారు. నేను తిరిగి వస్తాననడానికి నా దగ్గర అంతకంటే బలమైన కాగితం లేదు. తండ్రిగారి పేరున ఉన్న పొలం పట్టాదారు పాసు పుస్తకాలు, బంగారం విలువ పత్రాలు పెట్టమని చాలామంది చెబుతారు. అవి మీవి కావు, మీరు తిరిగి వస్తారని అవి నిరూపించవు. నేను మొదటిసారి పెట్టి, రెండవసారి తీసేశాను. మీపై ఆధారపడిన తల్లిదండ్రులు, మీ పేరున ఇంటి రుణం వంటివి నిజంగా ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి.

ఇక డబ్బు. మేనమామ సొమ్ము తిరిగి ఇచ్చేశాను. మార్చి నుంచి ఆగస్టు వరకు ప్రతి నెలా జీతంలోంచి మిగిల్చి, పాత తొంభై వేలతో కలిపి రెండు లక్షల అరవై వేలు చేశాను. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, పే స్లిప్పులు, ఫారం-16, ఆదాయపు పన్ను రిటర్ను పెట్టాను. స్టేట్‌మెంటులో జీతం పడిన వరుసలూ పే స్లిప్పుల్లోని అంకెలూ ఒకటే కావాలి, తేడా ఉంటే కారణం రాయాలి. విమాన టికెట్లు, బీమా, రోజువారీ ఖర్చు కలిపి లక్షా ముప్పై వేలు అవుతుందని లెక్క కట్టి ఫారంలో అదే రాశాను. చూపిన పొదుపులో సగం అది. నెల ఖర్చు ఎంత అని అడిగిన చోట చాలామంది తక్కువ చేసి రాస్తారు. మీ ఖాతాయే మీ నెల ఖర్చును చూపిస్తుంది కాబట్టి అక్కడ గొప్పలూ వద్దు, పొదుపరితనమూ వద్దు. మీ తండ్రిగారు నిజంగానే కొంత ఇస్తుంటే దాచకండి. ఆయన లేఖ, ఆయన స్టేట్‌మెంటు జతచేసి, ఇది మా నాన్నగారు ఇచ్చింది అని చెప్పండి.

మీ వారే ఖర్చంతా భరిస్తారని రాద్దామా అని అడిగారు. వద్దనే నా సలహా. విద్యార్థి వీసాపై మాస్టర్స్ చదివేవారు తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ సంపాదనతో తన అద్దె, తిండి గడుపుకుంటూ మరొకరి ఖర్చు కూడా భరిస్తానంటే అధికారికి రెండు అనుమానాలు వస్తాయి: ఆ మాట నిజం కాదేమోనని ఒకటి, ఎక్కువ గంటలు పనిచేస్తున్నారేమోనని రెండవది. రెండూ మీ వారి వీసాకు మంచివి కావు. వసతి మాత్రం ఆయనది అని రాయండి. అందుకు ఆయన అద్దె ఒప్పందం, ఇంటి యజమాని అనుమతి లేఖ, విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి ధ్రువీకరణ లేఖ, పాస్‌పోర్టు ప్రతి, ఆయన వీసా హోదాకు రుజువు, ఆహ్వాన లేఖ కావాలి. చాలా జాబితాల్లో కౌన్సిల్ టాక్స్ (అక్కడి స్థానిక సంస్థలు ఇళ్లపై వేసే పన్ను) బిల్లు అడుగుతారు. పూర్తికాల విద్యార్థులే ఉండే ఇంటికి ఆ పన్ను ఉండదు కాబట్టి అది లేదని కంగారుపడకండి. యజమాని అనుమతిని మాత్రం తేలికగా తీసుకోవద్దు. విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో అతిథి ఎన్ని రాత్రులు ఉండవచ్చన్నదానికి పరిమితి ఉంటుంది, నలుగురు కలిసి ఉండే ఇంట్లో మిగిలిన ముగ్గురి ఇష్టం కూడా ముఖ్యం. నా భార్య ఇంట్లో ఉండే తోటి విద్యార్థినులు ఒప్పుకున్నాకే యజమాని లేఖ ఇచ్చారు.

పెళ్లి రుజువు మీకు అడ్డంకి అనుకుంటున్నారు, నిజానికి అది మీకు బలం. మా పెళ్లి అన్నవరం కొండపైన జరిగింది. దేవస్థానం ఇచ్చిన రసీదు తెలుగులో ఉంది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వివాహం నమోదు చేయించుకున్న ధ్రువపత్రమే ప్రధానంగా పెట్టాను. ఇంగ్లీషులో లేని ప్రతి కాగితానికీ అనువాదం జతచేయాలి. అది సరైన అనువాదమని అనువాదకుడు ధ్రువీకరించి, తేదీ, తన పూర్తి పేరు, సంతకం, సంప్రదింపు వివరాలు రాయాలి. పెళ్లి ఫోటోలు నాలుగు, నెలకు ఒకటి చొప్పున మా ఫోన్ సంభాషణల చిట్టా, అంతే. వందల పేజీల చాటింగ్ ఎవరూ చదవరు. అందులో మీ గోప్యత పోవడం తప్ప ప్రయోజనం లేదు.

వీటన్నిటిపైన ఒకటిన్నర పేజీల లేఖ రాశాను. మొదటి పేరాలోనే పాత తిరస్కరణ తేదీ చెప్పి, అందులోని మూడు అభ్యంతరాలకూ వరుసగా జవాబిచ్చాను. పోయినసారి ఫారంలో నా భార్య వివరాలు నింపినా, ఆమెను చూడడానికే వస్తున్నానని స్పష్టంగా రాయకపోవడం నా పొరపాటేననీ, ఆ ఆరు లక్షలు బంధువు ఇచ్చినవేననీ, తిరిగి ఇచ్చేశాననీ రుజువుతో సహా ఒప్పుకున్నాను. ఈ వీసా తిరస్కరణపై మామూలుగా అప్పీలు ఉండదు గానీ, వెంటనే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఏదీ మార్చకుండా మళ్లీ పెడితే అదే లేఖ మళ్లీ వస్తుంది, రుసుము కూడా వెనక్కి రాదు. నా మొదటి దరఖాస్తుకు 115 పౌండ్లు అయింది, 2025 ఏప్రిల్‌లో దాన్ని 127 చేశారు. మీరు కట్టేనాటికి ఎంత ఉందో చూసుకోండి.

మిగిలిన తంతు సులువే. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. ఫారం ఆన్‌లైన్‌లో నింపి, రుసుము కట్టి, కాగితాలు మనమే స్కాన్ చేసి ఎక్కించి, వేలిముద్రలకు హైదరాబాదులోని వీఎఫ్‌ఎస్ (వీసా దరఖాస్తులు స్వీకరించే సంస్థ) కేంద్రానికి వెళ్లాలి. నేను గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి బయలుదేరి, మరునాడు పని ముగించుకుని తిరిగి అదే బండి ఎక్కాను. అక్కడి సిబ్బంది కాగితాలు చేరవేస్తారంతే, నిర్ణయంతో వారికి సంబంధం లేదు. నన్ను ఇంటర్వ్యూకు పిలవలేదు, అంటే కాగితాలే మనకు బదులు మాట్లాడతాయి. ఆరు నెలలకు మించని సందర్శనకు క్షయ పరీక్ష అక్కర్లేదు. టికెట్లు వీసా వచ్చాకే కొనండి.

మీ ఉద్యోగం గురించి ఒక మంచి కబురు ఉంది. 2024 జనవరి 31 నుంచి, సందర్శకులు తమ స్వదేశంలోని ఉద్యోగపు పనిని అక్కడి నుంచి ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. అయితే రావడానికి అదే ముఖ్య కారణం కాకూడదు. మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి, లేఖలో చెప్పండి. అక్కడి సంస్థకు పనిచేయడం, మరొకరి పేరున డెలివరీలు చేయడం వంటివి ఎవరు చెప్పినా చేయకండి. ప్రయాణ బీమా కూడా తప్పనిసరి అనే నేను అంటాను. దీర్ఘకాల వీసాల వారు వైద్యం కోసం ముందే కట్టే ఆరోగ్య సర్‌చార్జిని విజిటర్లు కట్టరు కాబట్టి, ఆసుపత్రిలో చేరవలసి వస్తే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) రేటుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు.

విమానాశ్రయంలో అధికారి నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు: ఎవరి దగ్గర ఉంటారు, ఎప్పుడు తిరిగి వెళ్తారు. సెలవు లేఖ, తిరుగు టికెట్, ఇంటి చిరునామా చేతిసంచిలో ఉంచుకున్నాను, అడగలేదు గానీ మీరూ ఉంచుకోండి.

చివరగా, ఈ వీసా తిరస్కరిస్తే రేపు ఆయనకు ఉద్యోగం వచ్చాక డిపెండెంట్‌గా వెళ్లడం కుదరదా అని భయపడుతున్నారు. తిరస్కరణ ఒక్కటే దానికి అడ్డు కాదు. అడిగిన ప్రతి ఫారంలోనూ దాన్ని నిజాయితీగా రాయాలి, అంతే. ఒక్కటి గుర్తుంచుకోండి: విజిటర్‌గా వెళ్లి, అక్కడ ఉండగానే డిపెండెంట్ వీసాకు మారడం కుదరదు. ఆయనకు స్కిల్డ్ వర్కర్ వీసా (నిపుణులైన ఉద్యోగులకిచ్చే వీసా)పై డిగ్రీ స్థాయి ఉద్యోగం దొరికినా, మీరు తిరిగి వచ్చి ఇక్కడి నుంచే దరఖాస్తు పెట్టవలసి ఉంటుంది. ఈ సంగతి తెలిసే అడుగుతున్నానని మీ లేఖలో ఒక వాక్యం చేర్చండి, నేను చేర్చాను.