మాల్‌కి వెళ్లిన రాత్రి షుగర్ పెరుగుతోంది.. బయట తినడం మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 49. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. మెట్‌ఫార్మిన్‌తో పాటు రాత్రి భోజనానికి ముందు గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నాను. గుండెల్లో మంట సమస్య కూడా ఉంది. మేముండేది నగర శివార్లలో. శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ దగ్గర్లోని షాపింగ్ మాల్‌కి వెళ్తాం. కొనడాలు అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. అప్పుడు ఎక్కడ సీటు దొరికితే అక్కడ తినేస్తాం. తిన్న రెండు గంటలకు చూసుకుంటే షుగర్ 170 దాటదు. కానీ ఆదివారం పరగడుపున 190, 200 ఉంటోంది. మిగతా రోజుల్లో 120 లోపే. ఆ రాత్రి మంటతో నిద్ర కూడా పట్టదు. బయట తినడం పూర్తిగా మానేయాలా? ఆ చుట్టుపక్కల నాలాంటివాళ్లు తినదగిన మంచి రెస్టారెంట్‌ను ఎలా వెతుక్కోవాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: మానేయక్కర్లేదండీ. వారానికి ఒక్క పూట అందరూ కలిసి కూర్చుని తినే భోజనాన్ని వదులుకోమని నేను చెప్పను. మీరు రీడింగులు రాసి పంపడం చాలా మంచి పని చేశారు. మీ సమస్య ఏమిటో ఆ అంకెలే చెబుతున్నాయి.

నూనె, వెన్న, చీజ్ ఎక్కువగా ఉన్న భోజనం పొట్టలోంచి త్వరగా కిందికి దిగదు. అందులోని పిండిపదార్థం రక్తంలోకి చేరడానికి గంటల సమయం పడుతుంది. అందుకే రెండు గంటలకు చూసినప్పుడు 170 కనిపించి మీకు ధైర్యం వస్తోంది. అసలు పెరుగుదల మీరు పడుకున్నాక, అర్ధరాత్రి దాటాక మొదలవుతోంది. పైగా పొద్దుటితో పోలిస్తే రాత్రిపూట మన శరీరంలో ఇన్సులిన్ అంత చురుగ్గా పనిచేయదు. ఇక నిండు పొట్టతో పడుకుంటే లోపలి ఆమ్లం పైకి తన్నుతుంది. అంటే పొద్దుటి షుగర్‌కీ, రాత్రి మంటకీ మూలం చాలావరకు ఒక్కటే.

కాబట్టి ముందు మార్చాల్సింది రెస్టారెంట్‌ను కాదు, వరసను. ఏడింటికే భోంచేసి, ఆ తర్వాత షాపింగ్ మొదలుపెట్టండి. తిన్న వెంటనే నెమ్మదిగా పదిహేను నిమిషాలు నడిచినా కాళ్ల కండరాలు రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి. మాల్‌లో మీరు ఎలాగూ గంటకు పైగా నడుస్తారు. ఇప్పుడు ఆ నడకంతా తినక ముందే అయిపోతోంది, తిన్నాక నేరుగా కారెక్కుతున్నారు. ఏడింటికి తింటే నిద్రకు మూడు గంటల పైనే వ్యవధి దొరుకుతుంది, మంటకు అంతకన్నా మంచి మందు లేదు. ఇంకోటి, ఆ వేళకు వంటగదిలో రద్దీ ఉండదు. ‘నూనె తగ్గించండి, సాస్ పక్కన పెట్టండి’ అంటే వినిపించుకుంటారు. తొమ్మిదిన్నరకు అదే మాట చెప్పినా పట్టించుకునే తీరిక వాళ్లకు ఉండదు.

మాత్ర విషయం మాత్రం జాగ్రత్తగా వినండి. ఒకసారి నేను ఓ రెస్టారెంట్ బయట టేబుల్ కోసం ఎదురుచూస్తున్నాను. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన చేతిలోని టోకెన్ కాగితం వణుకుతోంది. నుదుటి నిండా చెమట. అడిగితే, ఇంట్లోంచి బయల్దేరే ముందే షుగర్ మాత్ర వేసుకున్నానన్నారు. అప్పటికి గంటంబావు దాటింది. పండ్లరసం తాగించాక, పది పదిహేను నిమిషాలకు గానీ మామూలు మనిషి కాలేదు. గ్లిమెపిరైడ్ తిండి కోసం ఆగదు. లోపలికి వెళ్లగానే పని మొదలుపెడుతుంది. అందుకే బయట తినే రోజు మాత్ర బ్యాగులో ఉంచుకుని, ప్లేటు మీ ముందుకు వచ్చాకే వేసుకోండి. గ్లూకోజ్ పొడి గానీ బిళ్లలు గానీ దగ్గర ఉండాలి. వణుకు, చెమట, కళ్లు తిరగడం లాంటివి ఉండి షుగర్ 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. చాక్లెట్ ఇందుకు పనికిరాదు. అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మద్యం తీసుకునేవారైతే ఈ మాత్రతో షుగర్ పడిపోయే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇక రెస్టారెంట్ సంగతి. ఆకలి మీద ఉన్నప్పుడు వెతకొద్దు. ఆకలి వేస్తుంటే కళ్లు వేపుళ్ల మీదికే పోతాయి. శనివారం మధ్యాహ్నం, కడుపు నిండుగా ఉన్నప్పుడు ఇంట్లో కూర్చుని ఫోన్లో మ్యాప్ తెరవండి. మాల్ లోపలున్న వాటితో సరిపెట్టకుండా చుట్టూ ఒకటి రెండు కిలోమీటర్లు చూడండి. మాల్‌కి వచ్చే జనంలో చాలామంది ఒకసారి తిని వెళ్లిపోయేవాళ్లు. పక్క వీధుల్లోని రెస్టారెంట్‌కు ఆ కాలనీల వాళ్లే మళ్లీ మళ్లీ రావాలి, అందుకని రుచి, శుభ్రత విషయంలో కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటారని నా అభిప్రాయం. స్టార్లను చూసి మోసపోవద్దు. గత రెండు మూడు నెలల్లో వచ్చిన రివ్యూలు చదవండి, అందులోనూ తక్కువ మార్కులు వేసినవి ముందు చదవండి. ‘ఆలస్యమైంది’ అని ఒకరిద్దరు రాస్తే ఫరవాలేదు. ‘తిన్నాక కడుపు పాడైంది’, ‘చల్లారిపోయింది తెచ్చారు’ అని ఇద్దరు ముగ్గురు రాస్తే దాన్ని పక్కన పెట్టేయండి. రెస్టారెంట్ వాళ్లు పెట్టిన ఫొటోలు కాకుండా తిన్నవాళ్లు తీసిన ఫొటోలు చూడండి. ప్లేటు అంచున నూనె తేలుతోందా, కూరగాయలు ఏపాటి ఉన్నాయన్నది వాటిలోనే తెలుస్తుంది. మెనూలో ఆవిరి మీద ఉడికించినవి, కాల్చినవి నాలుగైదు ఉండాలి. బఫేలు మీకు వద్దు. ఎంత తిన్నామో లెక్క తెలియదు. నచ్చింది దొరికాక ఒక ఫోన్ చేసి ఏడింటికి టేబుల్ చెప్పండి. నూనె తగ్గించి చేస్తారా అని అప్పుడే అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునే చోటుకు వెళ్లకపోవడమే మంచిది.

ఫుడ్‌కోర్ట్ తప్పనిసరైతే, కళ్లముందు అప్పటికప్పుడు వండి ఇచ్చే కౌంటర్‌కు వెళ్లండి. ముందే వండి ట్రేలలో పెట్టినవైతే వాటి నుంచి ఆవిరి వస్తోందో లేదో చూడండి. పైన మీగడలా పొర కట్టి, అంచుల్లో ఎండి అతుక్కుపోయి ఉంటే అది చాలాసేపటిది. వండిన పదార్థాన్ని 60 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువ వేడిలో ఉంచాలి. అంతకన్నా చల్లారిన చోట సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి.

టేబుల్ దగ్గర తినే వరస కూడా ముఖ్యమే. ముందు కూరగాయలు, ఆ తర్వాత ప్రొటీన్ ఉన్నవి, చివర్లో అన్నమో రొట్టో తినండి. అదే భోజనాన్ని ఈ వరసలో తింటే షుగర్ అంత ఎత్తుకు లేవదు. కూల్‌డ్రింక్ వద్దు. 330 మిల్లీలీటర్ల కోలా టిన్నులో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. బిల్లుతో పాటు ఇచ్చే పుదీనా బిళ్ల కూడా తీసుకోకండి. పుదీనా అన్నవాహిక కింది కవాటాన్ని వదులు చేస్తుంది కాబట్టి మీలాంటివారికి మంట పెరగొచ్చు.

ఎప్పుడైనా ఆలస్యం తప్పకపోతే ఆ రాత్రి తేలిగ్గా, కొద్దిగా తినండి, ఎడమవైపు తిరిగి పడుకోండి. దిండ్లు ఒకదాని మీద ఒకటి వేస్తే మెడ వంగి పొట్ట మరింత నొక్కుకుపోతుంది. వాటికి బదులు మంచం తలవైపు కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి.

ఇలా వరసగా నాలుగు శనివారాలు చేసి చూడండి. తిన్న రెండు గంటలకే కాకుండా, తిన్న ఐదు గంటల తర్వాత ఒకసారి, ఆదివారం పరగడుపున ఒకసారి షుగర్ చూసి రాసుకోండి. అయినా పొద్దుటి షుగర్ 130కి దిగకపోతే ఆ పుస్తకం తీసుకుని మీ డాక్టర్‌ను కలవండి. మందుల మోతాదు మీ అంతట మీరు మార్చొద్దు. మింగడం కష్టమవుతున్నా, మలం నల్లగా వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఎండోస్కోపీ అవసరం.

చివరగా ఇంకొక్క మాట. మెట్లెక్కినప్పుడు, సామాన్లు మోస్తూ నడిచినప్పుడు మంట వచ్చి, కూర్చుంటే తగ్గుతుంటే అది ఆమ్లం వల్ల కాకపోవచ్చు. షుగర్ ఉన్నవారిలో, ముఖ్యంగా ఆడవారిలో, గుండె జబ్బు ఛాతీ నొప్పి లేకుండా ఇలా మంటగానో ఆయాసంగానో బయటపడొచ్చు. అలా ఉంటే ఈ వారమే గుండె డాక్టర్‌ను కలవండి. మంటతో పాటు చెమటలు పట్టినా, దవడకో చేతికో నొప్పి పాకినా, విశ్రాంతిగా ఉన్నా తగ్గకపోయినా జెలుసిల్ తాగి తెల్లారేదాకా ఆగొద్దు. అప్పటికప్పుడు దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.