హాఫ్ మారథాన్ రెండు గంటల్లో పూర్తిచేయాలని ఉంది.. కాలి ఎముక నొప్పి ఆపుతోంది!

ప్రశ్న: నా వయసు 36. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. మూడు నెలల క్రితం పరుగు మొదలుపెట్టాను. ఇప్పుడు 5 కిలోమీటర్లకు 36 నిమిషాలు పడుతోంది. ఐదు నెలల్లో హాఫ్ మారథాన్‌ను రెండు గంటల్లోపు పూర్తిచేయాలన్నది నా లక్ష్యం. వారానికి ఆరు రోజులు, రోజూ నిన్నటి కంటే వేగంగా పరుగెత్తాలని చూస్తున్నా. రెండు వారాలుగా రెండు కాళ్లకూ మోకాలి కింద, ముందు ఎముక లోపలి వైపున నొప్పి వస్తోంది. పరుగు మొదట్లో ఉంటుంది, కాసేపటికి తగ్గుతుంది, ఇంటికొచ్చాక మళ్లీ మొదలవుతుంది. ఒక్కరోజు మానేసినా నా వల్ల కాదేమోనని టెన్షన్. పరుగు కొనసాగించవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: పరుగు పూర్తిగా వదిలేయక్కర్లేదు. ఇప్పుడు చేస్తున్న తీరు మాత్రం మార్చాలి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది షిన్ స్ప్లింట్స్, అంటే శ్రమ ఎక్కువై మోకాలి కింది ముందు ఎముక అంచు వెంట వచ్చే నొప్పి, కావచ్చు. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిలో తరచూ కనిపించే సమస్యే. అయితే అదేనని తేల్చుకునే ముందు స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నని పగులు, లేదని చూసుకోవాలి.

కుర్చీలో కూర్చుని, బొటనవేలితో ఆ ఎముక లోపలి అంచు వెంట కింది నుంచి పైకి నెమ్మదిగా నొక్కుతూ రండి. జానెడు పొడవునా అక్కడక్కడా సలుపుతుంటే షిన్ స్ప్లింట్స్ అయ్యే అవకాశం ఎక్కువ. ఒకేచోట, వేలికొన పట్టేంత జాగాలో నొక్కగానే ప్రాణం పోయినట్లు అనిపించినా, మామూలుగా నడుస్తున్నా నొప్పి వస్తున్నా, రాత్రిళ్లు నిద్రలోంచి లేపుతున్నా పరుగు ఆపేసి ఎముకల డాక్టర్‌ను కలవండి. సన్నని పగులు తొలి వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగానే ఉందని ధైర్యపడి మళ్లీ పరుగందుకునేవాళ్లున్నారు. అనుమానం ఉంటే ఎమ్మారై అవసరమవుతుంది.

ఇంతకీ ఈ నొప్పి ఎందుకొచ్చింది? శిక్షణ మొదలుపెట్టిన కొద్ది వారాలకే గుండె, ఊపిరితిత్తులు, కండరాలు పుంజుకుంటాయి. ఆయాసం తగ్గుతుంది, ఇంకాస్త పరుగెత్తగలననిపిస్తుంది. ఎముక అంత తొందరగా మారదు. కొత్త భారం పడినప్పుడు ముందు పాత ఎముక కొంత కరుగుతుంది, తర్వాతే ఆ చోట కొత్తది ఏర్పడి గట్టిపడుతుంది. దీనికి నెలలు పడుతుంది. మధ్యలో కొన్ని వారాలు ఆ భాగం మునుపటి కంటే కాస్త బలహీనంగానే ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మీరు రోజూ వేగం పెంచుతూ పోయారు. ఊపిరి సరేనన్నంత మాత్రాన ఎముక సరేనన్నట్లు కాదు.

ఇక మీ లక్ష్యం సంగతి. హాఫ్ మారథాన్ 21.1 కిలోమీటర్లు. రెండు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు పడాలి. మీకిప్పుడు 5 కిలోమీటర్లలోనే ఒక్కోదానికి 7 నిమిషాల 12 సెకన్లు పడుతోంది. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి, ఇప్పటి సత్తాకు సరిపోయే అంచనా 2 గంటల 45 నిమిషాలు, అదీ ఆ దూరానికి తగ్గ శిక్షణ ఉంటేనే. ఐదు నెలల్లో ముప్పావు గంట తగ్గించడం చాలామందికి సాధ్యం కాదు. అది మీ చేతకానితనం కాదు, లెక్క అలా ఉంది.

అందుకే ఈ మొదటి రేసుకు గడియారం లక్ష్యం పక్కనపెట్టండి. నొప్పి లేకుండా గీత దాటడమే లక్ష్యం. అంతకంటే ముఖ్యంగా, మీ చేతిలో ఉన్నవాటిని వారం లక్ష్యాలుగా పెట్టుకోండి: మూడు పరుగులు, రెండుసార్లు కాళ్లకు బలమిచ్చే వ్యాయామాలు, రోజూ ఏడెనిమిది గంటల నిద్ర. సెలవు రోజును కూడా పట్టికలో రాసుకుని, విశ్రాంతి తీసుకున్నాక టిక్ పెట్టండి. మానేశానన్న బాధ చాలావరకు అక్కడే పోతుంది. కాలు చూపించమంటే ముందు వాచీ చూపించేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మీరు కొన్నాళ్లు అది లేకుండానే వెళ్లండి. పక్కనున్న మనిషితో ఆగకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్లు. మాట తెగుతుంటే తగ్గించాలి. వారంలో ఎక్కువ దూరం ఇలా నింపాదిగానే సాగాలి. వేగం పెంచే సాధనను తర్వాతెప్పుడైనా మొదలుపెట్టవచ్చు.

అయితే ముందు నొప్పి తగ్గాలి కాబట్టి, మొదటి రెండు మూడు వారాలు ఆ మూడు పరుగుల బదులు సైకిల్ లేదా ఈత. నొప్పి రాకపోతే నడక. మడమలెత్తి దించే వ్యాయామం రోజు విడిచి రోజు చేయండి, పిక్కలు బలపడితే ఎముక మీద భారం తగ్గుతుంది. అరగంట వేగంగా నడిచినా, ఒంటికాలిపై గెంతినా నొప్పి లేదనుకున్నాక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో తిరిగి మొదలుపెట్టండి. ఆపకుండా 5 కిలోమీటర్లు హాయిగా పూర్తయ్యాక వారానికోసారి చేసే పొడవాటి పరుగును కిలోమీటరు చొప్పున పెంచండి. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించాలి. రేసుకు మూడు వారాల ముందు 16 కిలోమీటర్లు చేరితే చాలు, ఆ తర్వాత తగ్గించుకుంటూ రావాలి. మధ్యలో నొప్పి తిరగబెట్టి ఈ లెక్క తప్పితే 10 కిలోమీటర్ల రేసుకు మారండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం మాత్రం వద్దే వద్దు. నొప్పి తెలియక గాయం ముదురుతుంది, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలనూ దెబ్బతీయొచ్చు. బూట్ల అడుగు ఒకవైపు అరిగిపోయి ఉంటే మార్చండి. అయితే నొప్పికి అసలు కారణం బూట్లే అని నేననుకోవడం లేదు.

మీరు రాయని విషయం ఒకటుంది. పరుగు పెంచాక నెలసరి తప్పడం, బరువు తగ్గడం జరిగిందా? శ్రమకు తగ్గట్టు తినకపోతే హార్మోన్లు తగ్గి ఎముకలు బలహీనపడతాయి. అలా ఉంటే డాక్టర్‌ను కలవడం వాయిదా వేయొద్దు. త్వరగా అలసిపోతుంటే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి. పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయి ఉన్నా ముందు గుండె పరీక్షలు చేయించుకున్నాకే శిక్షణ.

రెండు గంటల కోరికను చెరిపేయక్కర్లేదు. 10 కిలోమీటర్లు 54 నిమిషాల్లో వచ్చే రోజున దాన్ని మళ్లీ బయటికి తీయండి.