ప్రాజెక్ట్ రన్ చేయడానికే రెండు రోజులు పడితే ఈ ఫీల్డ్ వదిలేయాలా?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. వీడియోలు చూసి రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) నేర్చుకున్నాను. గిట్‌హబ్‌లో వేరేవాళ్ల ప్రాజెక్ట్ తీసుకుని నా ల్యాప్‌టాప్‌లో నడుపుదామంటే రెండు రోజులుగా ఎర్రర్లే. ఫ్రంట్ ఎండ్ (వెబ్‌సైట్‌లో యూజర్‌కి కనిపించే భాగం) నాకు సరిపడదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: దానికే ఫీల్డ్ మార్చుకోనక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మీరు చేయబోయేది దాదాపు ఈ పనే. ఎవరో ఎప్పుడో మొదలుపెట్టిన కోడ్‌ని మీ మెషీన్‌లో నడిపించుకోవాలి. కోర్సులు ఖాళీ ప్రాజెక్ట్‌తో మొదలవుతాయి కాబట్టి ఈ బాధ అక్కడ కనిపించదు.

ముందు రీడ్‌మీ (ప్రాజెక్ట్‌తో పాటు వచ్చే సూచనల ఫైల్) చదవండి. తర్వాత ప్యాకేజ్ డాట్ జేసన్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో 'స్క్రిప్ట్స్' చూడండి. అక్కడ 'డెవ్' ఉంటే టెర్మినల్‌లో ఎన్‌పీఎం (ప్యాకేజీలు దించి, స్క్రిప్ట్‌లు నడిపే టూల్) రన్ డెవ్, 'స్టార్ట్' ఉంటే ఎన్‌పీఎం స్టార్ట్ అని కొట్టండి. వీడియోలో చూసిన కమాండే అన్నిచోట్లా కొడితే పని జరగదు.

ప్యాకేజీల ఇన్‌స్టాల్ దగ్గరో, రన్ చేయగానేనో ఆగిపోతుంటే నేను మొదట అనుమానించేది నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్) వెర్షన్‌ని. ఉదాహరణకు ప్రాజెక్ట్‌ని నడిపే టూల్ వీట్ 7కి నోడ్ 20.19 గానీ, 22.12 లేదా ఆపైది గానీ కావాలి. మీ దగ్గర 18 ఉంటే ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అంతే. కొన్ని పాత ప్రాజెక్టులకు ఉల్టా సమస్య, కొత్త నోడ్ పడదు. అందుకే ఎన్‌వీఎం (నోడ్ వెర్షన్లు మార్చే టూల్) పెట్టుకుని ప్రాజెక్ట్‌కి తగ్గ వెర్షన్‌కి మారండి. విసుగొచ్చి లాక్ ఫైల్ (ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండేది) మాత్రం డిలీట్ చేయకండి. ఎన్‌పీఎం సీఐ అని కొడితే అందులో రాసి ఉన్న వెర్షన్లే దిగుతాయి.

పేజీ తెరుచుకుంది, డేటా మాత్రం రావట్లేదా? టెర్మినల్‌ని తిట్టి లాభం లేదు. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో రిక్వెస్ట్ ఎక్కడికి వెళ్తోందో చూడండి. అడ్రస్‌లో 'అన్‌డిఫైన్డ్' అని కనిపిస్తే ఎన్వ్ ఫైల్ (సర్వర్ అడ్రస్ లాంటి సెట్టింగ్స్ ఉండేది) పెట్టలేదని దాదాపు ఖాయం. నమూనా ఫైల్ ఉంటే దాన్ని కాపీ చేసి విలువలు నింపండి. అన్నట్టు, ఫ్రంట్ ఎండ్‌లోకి వెళ్లిన కీ ఏదైనా బ్రౌజర్‌లో ఎవరికైనా కనిపిస్తుంది, రహస్యాలు అక్కడ పెట్టకండి.

నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి కోడ్ మార్చినా స్క్రీన్ మారట్లేదని సాయంత్రమంతా తల పట్టుకున్నాడు. పాత సర్వర్ ఆపకుండా మరో ఫోల్డర్‌లో కొత్తది మొదలుపెట్టాడు. 5173 పోర్ట్ (బ్రౌజర్ అడ్రస్ చివర ఉండే నంబర్) ఖాళీ లేక వీట్ దానంతటదే 5174కి వెళ్లింది. అతను 5173 ట్యాబే రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాడు! టెర్మినల్‌లో కొత్త అడ్రస్ ఉంది, చదవలేదంతే.

ఈ వారం ఒక పని చేయండి. మీ సొంత ప్రాజెక్ట్ గిట్‌హబ్‌లోకి ఎక్కించి, వేరే ఫోల్డర్‌లో మళ్లీ క్లోన్ చేసి (కాపీ దించుకుని), మీరు రాసిన రీడ్‌మీ మాత్రమే చూసి నడపండి. ఆగిన ప్రతిచోటా ఒక లైన్ చేర్చండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీ కోడ్ కంటే ముందు తెరిచేది ఆ ఫైలే కావచ్చు.

ఈసారి రాసేటప్పుడు 'ఎర్రర్లే' అని వదిలేయకుండా మొదటి ఎర్రర్ లైన్, నోడ్ వెర్షన్, కొట్టిన కమాండ్ పంపండి. అసలు చిక్కు ఎక్కడుందో అప్పుడు చూద్దాం.